గోల్ఫు గుంతలో గంగమ్మ

మా అనంతపురం పక్క ఎండాకాలంలో బుద్ధుండే మనిషెవడూ పొద్దెక్కినాక బయట తిరగడు. గొడ్లు కూడా నీడ చూసుకోని గమ్మున నిలబడతాయి. అట్లాంటి ఎండలో శ్రీరంగప్ప, అతావుల్లా ఇద్దరూ నెత్తికి టోపీ, మెడకి తుండుగుడ్డ తగిలించుకోని దినామూ గోల్ఫు ఆడతాండ్రి. దావన పోయే గొర్రెలోళ్ళు నిలబడి చూసి, పాపం వీళ్ళకేం కష్టమొచ్చిందో అనుకోని పోతాండ్రి.

రాప్తాడు దాటినాక హైవే పక్కన ఒక కంపెనీ ప్లాట్లు వేసింది. ప్లాట్లు చూడను వచ్చేవాళ్ళ కంటికి రొంత పచ్చగా కనపడల్లని నడిమధ్యలో గోల్ఫు మైదానం పెట్టింది. ప్లాటు కొంటే మెంబరుషిప్పు ఊరికే. ఊరికే ఇచ్చినా ఎవరొస్తారు ఆ ఎండకి? ఈ ఇద్దరే వచ్చేది. శ్రీరంగప్పకి ధర్మవరంలో పట్టుచీరల అంగడి. గుండెకి స్టెంటు వేసినాక డాక్టరు నడవమని చెప్పినాడు. యాడికో ఒక చోటికి పోయే పని ఉంటే తప్ప ఆయప్పకి కాళ్ళు కదలవు. బంతి ఎనకాల పోయేదన్నా ఒక పనే గదా అని ఒప్పుకున్నాడు. అతావుల్లా లారీలు తిప్పి తిప్పి అలిసిపోయి, వ్యాపారం కొడుకు చేతిలో పెట్టినోడు. ఇంట్లో ఉంటే భార్య నజ్మా ఉల్లిగడ్డలు ఒలవమంటాదని ఈడికి పారిపోయి వస్తాడు. ఆట ఇద్దరికీ సరిగా రాదు. రాదని ఇద్దరికీ తెలుసు.

వాళ్ళ కన్నా ముందర, ఇంకా చీకటుండంగానే వచ్చేటోడు ఆదెప్ప. ఆయప్ప పని గుంతలు కోసేది. బంతి పోయి పడల్సిన గుంత ఉంటాది చూడు, జెండా గుచ్చి, దాని చుట్టూ గడ్డిని చాప మాదిరి నున్నగా కత్తిరించింటారు. ఆ గుంత దినామూ ఒకే చోట ఉండగూడదు. ఉంటే చుట్టూ గడ్డి తొక్కుడుపడి చచ్చిపోతాది. అందుకని పిడి ఉండే ఇనుప గొట్టాన్ని కొత్త చోట నేలలోకి తిప్పి తిప్పి దింపి, మట్టిని గడ్డితో సహా పైకి తీసి, ఆ గడ్డని నిన్నటి గుంతలో పెట్టి అదిమేయల్ల. జానెడు లోతుంటే చాలు. అదే ఆదెప్ప ఉద్యోగం.

ఈ ఉద్యోగం సంగతి తెలిసి ఊర్లో నవ్వనోడు లేడు. ఎందుకంటే ఆ మైదానంలో సగం ఒకప్పుడు ఆదెప్ప చేనే. దాన్లో ఆయప్ప వేసిన బోర్లన్నీ దుమ్మే లేసినాయి. ఆ మాటకొస్తే ఈ పక్క అందరి కథా అదే, దానికి ఎవరూ ఎవర్నీ తప్పు పట్టరు. కానీ బోరు లారీ వచ్చిందంటే చుట్టుపక్కలోళ్ళు పోయి నిలబడేది మా దగ్గర ఆచారం. పెండ్లికి పోయినట్ల పోతారు. ఆదెప్ప పోయి నిలబడిన చోటల్లా దుమ్మే. ఒకసారైతే ఏదో అనుకుంటారు. మల్లమల్ల అట్లే అయ్యేసరికి ఆయప్ప చేతికి, కాలికి, కంటికి కూడా చెడ్డపేరు వచ్చేసింది. లారీ వస్తాండాదని ఆదెప్పకి తెలీకుండా జాగ్రత్త పడేటోళ్ళు.

వీటన్నిటికన్నా లోపల తగిలింది బామ్మర్ది చేన్లో జరిగింది. ఆదెప్ప భార్య తిమ్మక్కది తనకల్లు పక్క ఊరు. ఆమె తమ్ముడు నాగేశ్వర బోరు వేస్తాంటే మొగుడూ పెండ్లాం టెంకాయ తీసుకోని పోయినారు. సగం రాడ్లు దిగినాక, దుమ్ము తప్ప ఏమీ రాకుండా ఉంటే, నాగేశ్వర అందరి ముందర ఆదెప్ప దగ్గరికొచ్చి, బావా, నువ్వు రొంత దావ మిందికి పోయి నిలబడు అనినాడు. ఆదెప్ప తలొంచుకోని పోయి దావలో నిలబడినాడు. అయినా నీళ్ళు రాలే. ఆ పొద్దు నుంచి తిమ్మక్క పుట్టింటి గడప తొక్కలే. వాళ్ళూ పిలవలే. చేను అమ్ముకున్నప్పుడు కూడా ఆదెప్ప అంత కుంగిపోలే. నలుగురు నిలబడే చోట తను నిలబడకూడదు అనేదే ఆ మనిషిని తినేసింది.

పనిలో చేరిన కొత్తలో ఒక తమాషా జరిగింది. శ్రీరంగప్ప కొడితే బంతి యాడికి పోతాదో ఆయప్పకే తెలీదు. అట్లాంటిది ఒక పొద్దు దూరం నుంచి దొర్లించిన బంతి మెల్లగా పోయి పోయి గుంతలో దిగింది. ఆయప్ప కర్ర పైకెత్తి, "పడింది, పడింది" అని గొంతు పగిలేట్లు అరిచినాడు.

మైదానం ఆ కొసన గడ్డి కోస్తాండే ఆదెప్పకి ఆ మాట ఇనపడింది. మా పక్క అట్ల అరిస్తే ఒకటే అర్థం. మనిషి పడినా, గోడ పడినా ఎవరూ అట్ల అరవరు. బోర్లో నీళ్ళు పడితేనే అరుస్తారు. ఆదెప్ప చేతిలోది ఆడే పారేసి, చెప్పులు యాడ జారినాయో చూసుకోకుండా పరిగెత్తుకోని వచ్చినాడు. నేలని తాకి కండ్లకద్దుకోని, రొప్పుకుంటా అడిగినాడు.

"ఎంతకి పడింది సామీ?"

శ్రీరంగప్ప సంతోషం శ్రీరంగప్పది. "పదడుగులుంటాది ఆదెప్పా, తక్కువుండదు."

"పదడుగులకేనా?" ఆదెప్ప ఆడే కూలబడినాడు. "ఎన్నించులు సామీ?" బోర్లో ఎంత ధార వస్తాందో మేము ఇంచుల్లోనే చెప్పేది.

"ఇంచులేందప్పా, పూరా లోపలే."

అతావుల్లాకి ముందర అర్థమైంది. కర్ర పడేసి, కడుపు పట్టుకోని, గడ్డి మింద పొర్లాడి నవ్వినాడు. శ్రీరంగప్పకి అర్థమైనాక ఆయప్పా నవ్వినాడు. ఆదెప్ప కూడా నవ్వినాడు, ఏం చేస్తాడు మరి.

అప్పటి నుంచి వాళ్ళకి అదొక అలవాటైపోయింది. బంతి గుంతలో దిగితే చాలు, ఇద్దర్లో ఒకరు ఆదెప్ప ఉండే దిక్కుకి తిరిగి, పడిందప్పో అని కేకేసేది, ఆదెప్ప చెయ్యెత్తేది. కొన్నిసార్లు బంతి దిగకపోయినా కేకేసేటోళ్ళు, అలుపు తీరుతాదని. ఎగతాళే, కానీ కడుపులో ఇసం లేని ఎగతాళి. రెండేండ్లు ఆ నేల మింద పొద్దున్నే ఆ కేక ఇనపడతానే ఉండె.

ఈ ఏడు ఎండలు శివరాత్రి నాటికే ముదిరినాయి. ఊరికి తాగను నీళ్ళు లేకుంటే గడ్డికి పోస్తారా అని ఆడోళ్ళు బిందెలతో దావకడ్డం కూర్చుంటే, మైదానానికి వచ్చే ట్యాంకర్లు ఆగిపోయినాయి. గడ్డంతా ఎండిపోయి పీచు మాదిరి అయిపోయింది. ఉగాది దాటినాక ఒక పొద్దు ఆదెప్ప గొట్టం తిప్పి మట్టిగడ్డని పైకి తీస్తే దాని అడుగు నుంచి నీళ్ళు కారినాయి. గుంతలోకి ఒంగి చూస్తే బెత్తెడు నీళ్ళు తేటగా నిలబడినాయి. వేలు ముంచి నాలిక మింద పెట్టుకున్నాడు. తియ్యగా ఉండె. ఇంకో జెండా కాడికి పోయి కోసినాడు. ఆడా అంతే. ఆ పొద్దు కోసిన గుంతలన్నిట్లోనూ నీళ్ళే.

ఇంటికి పోయి తిమ్మక్కకి చెప్తే ఆమె ఉగ్గానికి బొరుగులు నానబెడతా ఉండె. తల కూడా ఎత్తలే.

"పడవా మరి," అనింది. "పుట్టినప్పటి నుంచి ఆ నేల పడలే, పడలే అనే మాటే ఇనింది. ఇప్పుడు ఆ ముసిలోళ్ళిద్దరూ దినామూ పడింది పడింది అని చెప్తాండారు. ఎన్నాళ్ళని కాదంటాది పాపం."

ఊర్లోనూ ఎవరూ నోరు తెరిచి ఆశ్చర్యపోలే. నీళ్ళు పడల్సింది యాడో ఒక చోట పడినాయి, అంతే. శ్రీరంగప్పకి, అతావుల్లాకి వచ్చిన పేచీ వేరే. బంతి నీళ్ళలో పడితే ఒక దెబ్బ ఎక్కువ లెక్కేయల్ల అనేది ఆ ఆటలో కట్టు. గుంతలోనే నీళ్ళుంటే ఏం లెక్క? దండగ కట్టల్లని అతావుల్లా, గుంతలో దిగినాక ఇంక దండగేందని శ్రీరంగప్ప. కొన్ని దినాలు మాటలు కూడా మానేసినారు. కడాకి బంతి ముందర గుంతలోకి పోయి, తర్వాతనే నీళ్ళలోకి పోతాదని ఇద్దరూ ఒప్పుకున్నారు.

మైదానం మేనేజరు హర్ష. బెంగుళూరులో చదివి వచ్చినోడు, మంచోడే గానీ ఓర్పు తక్కువ. ఆయప్ప గొట్టం తీసుకోని తనే ఒక గుంత కోసి చూసినాడు. ఎర్రమట్టి, పొడి. ఆదెప్ప కోస్తే నీళ్ళు. సరే, నువ్వే కోయి గానీ పాత గుంతలు మూసేయి అని చెప్పినాడు. ఆడొచ్చింది చిక్కు. దుమ్ము లేసిన బోరు మిందనే మేము రాయి పెట్టేది. నీళ్ళు పడిన చోట పసుపు, కుంకుమ పెట్టి గంగమ్మకి దండం పెడతాం. దాన్ని మూసేటోడు మనిషే కాదు. ఆదెప్ప నిన్నటి గుంతని అట్లే వదిలి కొత్తది కోసి, అన్నిటికీ పసుపు పూసుకుంటా పోయినాడు. కొన్నాళ్ళకి ఒక్కో జెండా చుట్టూ జల్లెడ మాదిరి గుంతలు. బంతి ఏ గుంతలో దిగితే ఏ పొద్దుటి లెక్కో తెలీదు. మూయకపోతే పనికి రావద్దని హర్ష కడాకండిగా చెప్పేసినాడు.

అతావుల్లా మధ్యలో వచ్చినాడు. "మూసేయొద్దులేప్పా, మూత పెట్టు. ఇంట్లో నీళ్ళకుండకి పెట్టమా?"

చేసే పని అదే. మాట మారేసరికి ఆదెప్ప మనసు ఒప్పుకున్నాది. మట్టిగడ్డ పెట్టి మెల్లగా అదిమి, మల్ల వస్తాలే తల్లీ అని చెప్పి లేసేటోడు.

గడ్డి పచ్చబడింది. దాంతో పాటే ఉక్క మొదలైంది. మా ఎండ ఎంత కాల్చినా అది పొడి ఎండ, చెమట పుట్టకముందే ఆరిపోతాది. ఆ మైదానంలో మాత్రం గుంతల్లోంచి ఆవిరి లేసి, యాడికీ పోకుండా మనిషి నడుమెత్తున నిలబడేది. గేటు బయట నిప్పులు, గేటు లోపల ఇడ్లీ పాత్ర. అంగీ వీపుకి అతుక్కోనేది. కర్ర పిడి చేతిలో నిలిచేది కాదు. ఒక పొద్దు అతావుల్లా ఊపిన ఊపుకి బంతి ఆడే ఉండిపోయి, కర్ర ఎగిరిపోయి కంచె అవతల పడింది. పోయి తెచ్చుకునే ఓపిక లేక, ఆదెప్ప తెచ్చిచ్చే దాకా ఆయప్ప నడుం మింద చేతులు పెట్టుకోని అట్లే నిలబడినాడు. రొంత ఆడేది, కూర్చునేది, మజ్జిగ తాగేది, మల్ల లేసేది. ఎందుకు ఆడతాండామని ఒకరినొకరు అడిగేది కూడా మానేసినారు.

అట్లాంటి ఒక పొద్దు శ్రీరంగప్పకి కండ్లు తిరిగి జెండా పక్కనే కూర్చుండిపోయినాడు. ఆదెప్ప జెండా పీకి, గుంతలో నీళ్ళు చేత్తో తోడి మొఖాన చల్లి, రొంత తాగిచ్చినాడు. తేరుకున్నాక ఆయప్ప అడిగినాడు, నీ చేతికి ఇన్ని నీళ్ళు పడతాండాయి గదా, మీ బామ్మర్దికి చెప్పి పంపలేదా అని.

"నేనే చెప్పుకుంటే ఏం బాగుంటాది సామీ. పిలిస్తే పోవల్ల."

పిలిచేటోళ్ళు ఎవరూ రాలే. మాట మాత్రం పాకింది, మగ్గాల కాడికి, సంతల్లోకి, బస్సుల్లోకి. రాప్తాడు టీ అంగట్లో ఆదెప్పని చూసి రొంత జరిగి చోటిచ్చేటోళ్ళు. అంతే. జానెడు గుంత కూడా ఒక బోరేనా అనేటోళ్ళు కొందరు. గోల్ఫు గడ్డి కూడా ఒక చేనేనా అనేటోళ్ళు కొందరు. బతుకంతా అడిగింది కండ్ల ముందరికి వచ్చినా, అది ఎవరికీ పనికిరాని చోట వచ్చె. ఆదెప్పకి నిజంగా యాష్టకొచ్చింది, విసుగెత్తిపోయింది. నీళ్ళు చూసి మొక్కేది కూడా ఒక పని మాదిరి అయిపోయింది.

వైశాఖం సగంలో, మిట్టమధ్యాన్నం, గేటు కాడికి నాగేశ్వర వచ్చినాడు. బస్సు దిగి హైవే నుంచి నడిచి వచ్చినట్లుండాడు, పెదాలు పగిలినాయి. మనిషి సగమైపోయినాడు. ఆదెప్ప చెంబుతో గుంతలో నీళ్ళు ముంచి తెచ్చిచ్చినాడు. నాగేశ్వర చెంబంతా తాగి, అడుగున మిగిలిన చుక్కల దిక్కు చూస్తా కూర్చున్నాడు. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఆయప్ప బోర్లు వేస్తానే ఉండాడని, ఒక్కదాన్లోనూ పడలేదని ఆదెప్పకి తెలుసు.

"ఎల్లుండి మల్ల లారీ వస్తాండాది బావా," అనినాడు నాగేశ్వర. "దీంట్లో పడకపోతే ఇంకో చోట గూడా సున్నంతో గుర్తు పెట్టినా. దానికి ఇల్లు తాకట్టు పెట్టల్ల. నువ్వొచ్చి నిలబడల్ల."

దావ మిందకి పొమ్మన్న మాట ఆయప్పా ఎత్తలే, ఈయప్పా ఎత్తలే. సరేప్పా అని మాత్రం అనినాడు ఆదెప్ప.

తిమ్మక్క ఒప్పుకోలే. తమ్ముడు వచ్చినాడని ఒకపక్క ఆమెకి సంతోషం, ఒకపక్క భయం. "ఆడికి పోయి దుమ్ము లేస్తే ఈ మిగిలిన పేరు కూడా పోతాదయ్యా. ఇంకోసారి ఆ మాట ఇనే ఓపిక నాకు లేదు," అనింది. ఆదెప్పకి ఆ భయం లేక కాదు. జానెడు లోతు నీళ్ళతో వచ్చిన మర్యాద ఎంతసేపు నిలుస్తాదో ఆయప్పకి తెలుసు. కానీ ఇన్నేండ్లకి పిలిచినారు. పిలిస్తే పోకుండా ఉండేది ఆయప్పకి చేతగాలే. హర్షతో సెలవు అడిగి, ఇద్దరూ కదిరి మిందుగా బస్సులో పోయినారు.

చేను కాడ జనం బాగానే చేరినారు. ఆదెప్ప అలవాటు కొద్దీ దావలోనే నిలబడితే నాగేశ్వర వచ్చి, చెయ్యి పట్టుకోని తీసుకపోయి లారీ పక్కనే నిలబెట్టినాడు. టెంకాయ ఆదెప్ప చేతనే కొట్టించినాడు. కంప్రెసరు మోత మొదలైంది. రాడ్డు ఎనకాల రాడ్డు దిగింది. ఎర్ర దుమ్ము లేసింది, తర్వాత బూడిద రంగు దుమ్ము, తర్వాత తెల్లటి రాతిపిండి. మధ్యాన్నానికి అందరి నెత్తులూ ముసలోళ్ళ నెత్తుల మాదిరి అయిపోయినాయి. ఆదెప్ప కదల్లే. నీళ్ళు తాగమని ఇచ్చినా తీసుకోలే. బోరు మూతి దిక్కే చూస్తా, మొక్కని దేవుడు లేకుండా మొక్కినాడు. పొద్దు వాలే దాకా పిండే లేసింది.

లారీ ఆయన మోత ఆపేసినాడు. ఇంక లోపల రాయే, లాభం లేదు, ఇంకో గుర్తు కాడ పెట్టమంటే పొద్దున్నే పెడతా అని చెప్పినాడు. ఒకరి ఎనకాల ఒకరు అందరూ ఆదెప్ప దిక్కు చూసినారు. తిమ్మక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నాది. ఆదెప్ప తల ఎత్తలే. ఎవరన్నా చెప్పకముందే తనే పోదామని దావ దిక్కు తిరిగినాడు.

"యాడికి పోతాండావన్నా?"

అడిగింది నాగేశ్వర భార్య జ్యోతి. పొద్దున్నుంచి అందరికీ తాగను నీళ్ళు అందిస్తాండే మనిషి. పిండి కొట్టుకుపోయిన మొఖంతో వచ్చి, మొగుడి ముందర నిలబడింది.

"మా అన్న చేతికి జానెడు లోతులో నీళ్ళు పడతాయి. అట్లాంటి మనిషి పొద్దున్నుంచి ఈడ నిలబడినా పడలేదంటే, ఈ చేన్లో నీళ్ళు లేవు. ఉంటే పడతాండె. ఇంక ఇంటి జోలికి పోవద్దు."

నిజమే గదా అని ఎవరో ఎనకాల అనినారు. ఆదెప్ప నిలబడినాక కూడా పడలేదంటే ఇంక లేనట్లే అని ఇంకొకరు. నాగేశ్వర ఆడే మట్టిలో చతికిలబడినాడు. ఎవరన్నా ఈ మాట చెప్తారేమో అని ఇన్నేండ్లుగా కాచుకోని ఉన్నోడి మాదిరి పెద్దగా ఊపిరి వదిలినాడు. లేసి పోయి, సున్నం గుర్తుని కాలితో చెరిపేసినాడు. లారీని పొమ్మని చెప్పినాడు. బావా బామ్మర్దీ ఇద్దరూ ఒక బండరాయిని దొర్లించుకోని వచ్చి బోరు మూతి మింద పెట్టినారు.

ఇంటి కాడ నాగేశ్వర చెంబు తీసుకోని ఆదెప్ప చేతుల మింద నీళ్ళు పోసినాడు. తెల్లటి పిండి కారిపోతాంటే ఆదెప్పకి ఏడుపు ఆగలే. నాగేశ్వర చూడనట్ల ఇంకో చెంబు పోసినాడు. లోపల తిమ్మక్క, జ్యోతి సంగటి కెలుకుతా ఏదో మాట్లాడుకుంటాండారు.

నాగేశ్వర ఆ ఇంట్లోనే ఉండాడు. గొర్రెలు కొని మేపుకుంటాండాడు, వాన పడితే చెనిక్కాయ ఏస్తాడు, పడకపోతే లేదు. ఆ సంగతి కూడా మగ్గాల కాడికి, సంతల్లోకి పోయింది. నీళ్ళు యాడుండాయో చూపిచ్చేటోళ్ళు ఈ పక్క ఊరికొకడు ఉండాడు. ఇంక చాలు అని చెప్పేటోడే లేడు. చెప్పినా ఎవరింటారు? ఆదెప్ప ఏం చెప్పడు, పోయి ఊరికే నిలబడతాడు. ఒకటి రెండు చోట్ల నీళ్ళు కూడా పడినాయంట. పడని చోట మాత్రం లారీని ఎనక్కి పంపేసి, ఆయప్పకి అన్నం పెట్టి పంపుతాండారు.

నిన్న పొద్దున ఆదెప్ప కొత్త గుంత కోస్తాంటే ఫోను మోగింది. అవతల శ్రీరంగప్ప చెమటతో తడిసి ముద్దయి, బంతి ముందర నిలబడి, కొట్టాల్నా వద్దా అని ఆలోచిస్తాండాడు. ఫోనులో ఎవరో తెలీని గొంతు, రాయదుర్గం పక్క నుంచి.

"అన్నా, రేపు మా చేన్లో నిలబడల్ల. నువ్వు నిలబడినా పడకపోతే ఆపేస్తానని నా పెండ్లానికి మాటిచ్చినా."

ఆదెప్ప గొట్టం పక్కన పెట్టి, చేతులు పంచెకి తుడుచుకోని, ఏ బస్సు ఎక్కల్లో అడిగినాడు.